లాయరమ్మ చింతపండు గంప

లాయరమ్మ పోయిందన్న కబురు నాకు చింతపండుతో పాటు వచ్చింది. మొన్న శనివారం మధ్యాహ్నం ఆమె చెల్లెలు రఘునాథపల్లి నుంచి బస్సులో వచ్చి, మా స్టీలు సామాన్ల దుకాణం మెట్టు మీద గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అక్క పోయి పదిహేను దినాలైంది. ఈ ఏటి పండు ఇట్లనే ఉన్నది. ఇంట్ల కూసొని గింజ తీసేటోళ్ళు ఎవరున్నరు? స్టీలు దుకాణపాయన చెయ్యి మంచిగ తిరిగిందని అక్క అంటుండేది. అందుకే మీకు తెచ్చిన," అంది.

చదువులో గానీ వ్యాపారంలో గానీ నన్ను మెచ్చుకున్న వాళ్ళు తక్కువ. కాపురం సంగతి సరేసరి. చింతపండు గింజ తీయడంలో మాత్రం ఒక వకీలు దగ్గర పేరు తెచ్చుకున్నాను. నవ్వొచ్చింది. గల్లా దగ్గర నుంచి లేచి లోపలికి వెళ్ళి గిన్నెల దొంతుల మధ్య కాసేపు నిలబడ్డాను.

ఆమె ఇల్లు హన్మకొండలో, కోర్టు వెనక సందులో. పెంకుటిల్లు. పుస్తకాల బీరువా, కుర్చీలు లోపలి గదిలో ఉండేవి గానీ కేసుల కోసం వచ్చిన పార్టీల్ని అక్కడికి రానిచ్చేది కాదు. వరండాలో చాప, దాని మీద గంప, రెండు చాటలు. చలికాలం అనపకాయలు, ఎండలు ముదిరితే చింతపండు, ఆ మధ్యలో పల్లికాయలు. అన్నీ రఘునాథపల్లిలో వాళ్ళ చెలకలో పండినవే. ఎవరు వచ్చినా, ఎంత మండిపడుతూ వచ్చినా ఒకటే మాట: "చేతులు కడుక్కోని కూసో." కూర్చోగానే చాట ముందుకు తోసేది. చుట్టూ పది మంది లేనిదే గడప దాటని రైసు మిల్లు యజమానితో అనపకాయలు ఒలిపించడం నేను కళ్ళారా చూశాను. ఆయన అన్నదమ్ముల తగాదా చెప్పుకుంటూ శేరు గింజలు ఒలిచాడు.

ఎందుకమ్మా ఇదంతా అని ఎవరన్నా అడిగితే, "చేతులు ఖాళీగుంటె మనిషి ముచ్చట అల్లుతడు. చేతికి పనిస్తె జరిగింది చెప్తడు," అనేది. న్యాయం, ధర్మం అంటూ మొదలుపెట్టిన వాళ్ళను అక్కడే ఆపేసేది. "అవి కోర్టుల నేను చెప్త గని, పొద్దుగాల ఏం జరిగిందో చెప్పు."

నల్లకోటు వరండా గోడకు మేకు మీద వేలాడేది. దానికి కూడా చింతపండు వాసనే. కోర్టులో వాదించేటప్పుడు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి రుద్దుతూ ఉండేది, కనపడని కాయలోంచి గింజ తీస్తున్నట్టు. ఎదుటి వకీలు ఆ వేళ్ళ వైపు చూస్తూ తన మాట మరిచిపోవడం కూడా చూశాను. ఆమెకు పెళ్ళయిందో లేదో, మగదిక్కు ఎవరన్నా ఉన్నారో లేదో నాకు తెలియదు. అడగబోతే చాట నా వైపు తోసేది.

ఆమె దగ్గరికి నేను మంచి బుద్ధితో వెళ్ళలేదు. ఆ మాట ముందే ఒప్పుకుంటాను.

డెబ్బైల్లో సంగతి. మా అమ్మకూ నా భార్యకూ పొయ్యి దగ్గర మొదలైన పేచీ పెరిగి పెరిగి ఒకరోజు నా దాకా వచ్చింది. నేను దుకాణం నుంచి వచ్చిన చిరాకులో నా భార్యను "పో, మీ అవ్వగారింటికి పో" అన్నాను. పొమ్మంటే పోయింది. రమ్మన్నప్పుడు రాదని నేను అనుకోలేదు. మా బిడ్డ చిట్టిని తీసుకుని నెక్కొండలో తండ్రి ఇంట్లోనే ఉండిపోయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

అయిదేళ్ళ లోపు పిల్ల తల్లి దగ్గరే ఉంటుందని, అయిదు దాటితే తండ్రిదే పైచేయి అని బజారులో ఎవరో మా అన్నకు చెప్పారు. అన్న గోడ మీది క్యాలెండరు చూసుకున్నాడు. చిట్టికి అయిదు నిండిన వారానికే నన్ను నెక్కొండకు పంపాడు. కొత్త గౌను కొనిస్తానని పిల్లను తీసుకొచ్చాను. గౌను కొన్నాను. పిల్లను తిరిగి పంపలేదు. నెల తిరగకుండా నా భార్య జిల్లా కోర్టులో పిటిషన్ వేసింది.

అప్పుడు అన్నకు ఇంకో ఆలోచన వచ్చింది. మా బజారులో పాత అలవాటు ఒకటుంది: ఎదుటి దుకాణం వాడు ఏ సరుకు మీద కన్నేశాడో అది వాడికి దక్కకుండా ముందే ఎత్తుకోవడం. "మరదలు ఎట్లయినా ఆడ వకీలు కాడికే పోతది. మనమే ముందుగాల పెట్టుకుందాం. ఆడమనిషే మొగోని దిక్కు మాట్లాడుతాందంటె జడ్జి గూడ నమ్ముతడు," అన్నాడు. నాకూ గొప్ప తెలివే అనిపించింది. వకీలును పెట్టుకోవడం అంటే స్టీలు బిందెలు కొనడం లాంటిదే అనుకున్నాం ఇద్దరం.

నేనే వెళ్ళి ఆమె చాప మీద కూర్చుని నా గోడు చెప్పుకున్నాను. ఆమె వింటూనే చింతకాయకు ఈనె ఎట్లా లాగాలో, కాయను ఎక్కడ చీలిస్తే గింజ చిట్లకుండా వస్తుందో చూపించింది. నాలుగు కాయలయ్యాక అడగడం మొదలుపెట్టింది.

"ఇయ్యాల పిల్లకు జడ ఎవలేసిన్రు?"

"మా అమ్మ."

"పేన్లు పడ్డయా?"

"పడ్డయి," అన్నాను సిగ్గుపడుతూ.

"పడతయి. తల్లి గురించి అడుగుతాందా?"

"మొదట్ల అడిగింది. ఇప్పుడు అడుగుతలేదు. మరిచిపోయినట్టుంది."

ఆమె తన పని ఆపకుండానే నా వేళ్ళ వైపు చూసింది. "చెయ్యి ఆగిందయ్యా," అంది.

నిజమే. కాయ సగం చీల్చి అట్లాగే పట్టుకుని ఉన్నాను. మళ్ళీ లాగబోయాను, రాలేదు. కాసేపటికి, ఎవరో నా నోట్లోంచి మాట్లాడినట్టు చెప్పేశాను. "మీ అమ్మకు నువ్వు వద్దట, అందుకే తోలిచ్చింది" అని మా అమ్మ పిల్లకు చెప్పింది. నేను విన్నాను. వినీ ఊరుకున్నాను. ఆ రోజు నుంచి చిట్టి అమ్మ మాట ఎత్తలేదు.

లాయరమ్మకు కోపం రావడం అప్పుడే చూశాను. చేతిలో ఉన్న పండు గంపలోకి విసిరికొట్టింది. "అయిదు దాటంగనే పిల్ల నీ దుకాణంల సరుకైతదనుకున్నవా? జడ్జి ముందుగాల చూసేది పిల్ల మంచి. నువ్వు, నీ పెండ్లాం, నేను, అందరం దాని ఎనుకనే." తర్వాత చల్లబడి అంది: "నీ కేసు తీసుకుంట. ఏం తెస్తనో ఇప్పుడే చెప్త, విను. పిల్ల మొత్తం నీకు రాదు. ఆమె పూరా నాకే గావాలె, తండ్రి మొకం చూడొద్దంటాంది. అది గూడ కానియ్య. వారంల నీ దినాలు నీకు తెస్త. అంతకంటె ఎక్కువ తెస్తనన్న వకీలు కాడికి పోతవా, తోవ అటున్నది. ఉంటవా, ఇంటికి పొయ్యి పిల్లకు నిజం చెప్పి వచ్చి సంతకం పెట్టు."

ఆ సాయంత్రం చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాను. మీ అమ్మకు నువ్వు కావాలె బిడ్డా, నాయినమ్మ తప్పు చెప్పింది అన్నాను. చిట్టి కొంచెం సేపు నా చొక్కా గుండీ తిప్పింది. "మరి ఎందుకు వస్తలేదు?" అని అడిగింది. నేనే రానియ్యడం లేదని చెప్పడానికి ధైర్యం చాలలేదు. మర్నాడు పోయి వకాలత్ మీద సంతకం పెట్టాను. చెప్పినవా అని అడిగితే, చెప్పిన గని సగమే అన్నాను. "సగమన్న చెప్పినవ్," అని కాగితం తీసుకుంది.

మాట తప్పలేదు ఆమె. తల్లి తరఫు వకీలు తండ్రి పిల్ల దగ్గరికే రాకూడదని గంటసేపు వాదిస్తే, ఈమె లేచి పావుగంటలో తేల్చేసింది. రాజీ కుదిరింది. బడి రోజులు తల్లి దగ్గర, శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా నా దగ్గర. ఇద్దరి దగ్గరా పెరగడమనే దానికి అప్పట్లో మాకు పేరు కూడా తెలియదు. జడ్జిగారు ఆ రాజీ పత్రం మీదే ఉత్తర్వు ఇస్తానన్నారు.

చిక్కంతా పిల్లను ఎక్కడ అప్పజెప్పాలన్న దగ్గర వచ్చింది. రాజీ కుదిరిన రోజే కోర్టు ఆవరణలో నా బావమరిది నా కాలరు పట్టుకున్నాడు. మా అన్న అతని చెంప మీద కొట్టాడు. చిట్టి అది చూసి వకీళ్ళ బల్ల కిందికి దూరింది. లాయరమ్మే వంగి దాన్ని బయటికి తీసింది. తీస్తూ అక్కడే నియమం పెట్టింది: "ఇచ్చేటోళ్ళు బండ్లె ఉండాలె, తీసుకునేటోళ్ళు ప్లాట్‌ఫారం మీద ఉండాలె. బండి నిలిచేదే రెండు నిమిషాలు. రెండు నిమిషాలల్ల పిల్లను అందియ్యొచ్చు గని కొట్లాడరాదు." అంటే శనివారం నా భార్య ప్యాసింజరులో వచ్చి, వరంగల్ స్టేషన్‌లో పిల్లను తలుపు దగ్గర నుంచే నాకు అందించి కాజీపేటకు పోయి తిరుగు బండి ఎక్కాలి. సోమవారం నేను నెక్కొండలో దిగకుండా పిల్లను దించి, ఆ అవతల కేసముద్రం స్టేషన్‌లో దిగి వెనక్కి రావాలి. రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఇరవై మంది పెద్దమనుషులు కూర్చున్నా తెగని పంచాయితీని రైల్వే టైంటేబులుతో తెంపింది.

కానీ మా అన్న బజారు మనిషి. సందు ఎక్కడుందో వెంటనే పట్టాడు. "ఆమెనే తోవ చూపెట్టింది రా. నెక్కొండల దిగొద్దన్నది గద, దిగకు. పిల్లను గూడ దించకు. సీదా ఖమ్మం పో. అక్క ఇంట్ల పెట్టి అక్కడనే బడిల పేరు రాపిద్దాం. నాలుగు నెల్లు అలవాటైనంక ఎవ్వడేం జేస్తడు?"

వద్దని అనలేదు నేను. పిల్ల లేని ఇల్లు ఎట్లా ఉంటుందో రెండేళ్ళు చూశాను. మళ్ళీ చూడలేననిపించింది.

ఆ శనివారం పొద్దున ఉత్తర్వు నకలు తెచ్చుకోవడానికి లాయరమ్మ ఇంటికి వెళ్ళాను. ఎప్పటిలాగే చాట ముందుకు తోసింది. "దుకాణంల పనుందమ్మా, పోవాలె," అని నిలబడే కాగితం తీసుకున్నాను. ఆమె తలెత్తి నా వైపు చూసింది. "ఫికర్ జెయ్యకు, పో," అంది అంతే.

సాయంత్రం బండి వచ్చింది. నా భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. చిట్టిని ఆమె మళ్ళీ కళ్ళజూసి అప్పటికి వారమే. రాజీ కాగానే కోర్టు చెప్పిందని పిల్లను వాళ్ళింటికి పంపాం. చంకలు పట్టుకుని నా చేతికి అందించింది. పొద్దున వేసిన జడలో మల్లెపూలు వాడిపోయాయి. నా మీద నమ్మకం ఉండి ఇచ్చిందనుకోను, కాగితం మీద నమ్మకంతో ఇచ్చింది. బండి కదిలాక కూడా తలుపు వదల్లేదు. చేతిలో కాజీపేట టికెట్టుతో ఒక్కతే పోయింది. నా జేబులో అప్పటికే ఖమ్మం టికెట్టుకు విడిగా దాచిన నోటు ఉంది.

సోమవారం పొద్దున బండి ఎక్కి పిల్లను కిటికీ దగ్గర కూర్చోబెట్టి తలెత్తేసరికి, ఎదురు బల్ల మీద లాయరమ్మ. తెల్లచీర, ఒళ్ళో సంచి, సంచిలో పల్లికాయలు.

"డోర్నకల్ దిక్కు పనుండె," అంది నేను అడగకముందే. దోసెడు కాయలు నాకు, దోసెడు చిట్టికి పెట్టింది. "ఒలువు బిడ్డా, నీకు ఒకటి, నాకు ఒకటి."

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. బండి కదిలింది. ఇంజను పొగ లోపలికి కొడుతోంది. ఒలవకపోతే ఆమె చూస్తుందని ఒలుస్తున్నాను. ఒలిచినవి ఎవరు తింటున్నారో తెలియడం లేదు. ఆమె మాత్రం చిట్టితో బడి ముచ్చట్లు చెబుతోంది. నన్ను ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. చింతలపల్లి దాటింది. నెక్కొండ సిగ్నల్ కనబడింది. నా అరచేతులు తడిసి పల్లికాయ పొట్టు వేళ్ళకు అంటుకుంది.

బండి ఆగింది.

ప్లాట్‌ఫారం మీద నా భార్య ఒక్కతే ఉంది. తన అన్నను, తండ్రిని స్టేషన్ బయటే ఆపి వచ్చినట్టుంది. డబ్బా డబ్బా చూసుకుంటూ అటు నడుస్తోంది. మేము ఇటు చివర ఉన్నాం. చిట్టి కిటికీ ఊచలు పట్టుకుని లేచింది.

"బాపూ, అమ్మ! అటు పోతాంది!"

నేను లేవలేదు. ఇంకో నిమిషం ఓర్చుకుంటే చాలు, బండే నన్ను తీసుకుపోతుంది. నేనేమీ చెయ్యనక్కరలేదు. ఆ రోజు నా గుండెలో ఉన్నది ఇదే, దాచను. చిట్టి నా వైపు తిరిగింది. మళ్ళీ పిలవలేదు. అమ్మ మాట మానేసిన రోజుల్లో ఎట్లా చూసేదో అట్లా చూసింది.

"చెయ్యి ఆగిందయ్యా," అంది లాయరమ్మ.

గొంతు పెంచలేదు. ఒళ్ళోంచి చూపు కూడా ఎత్తలేదు. నా చేతిలో సగం చిట్లిన పల్లికాయ ఉంది. గార్డు ఈల వేశాడు. నేను కాయలన్నీ కింద పారబోసి పిల్లను ఎత్తుకుని తలుపు దగ్గరికి ఉరికాను. నా భార్యను పేరు పెట్టి గట్టిగా కేక వేశాను. ఇంట్లో ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఆమె వెనక్కి తిరిగి పరుగెత్తుకొచ్చింది. బండి కదులుతుండగా పిల్లను అందించాను. ఆమె గాజులు నా మణికట్టుకు తగిలి గీరుకున్నాయి. బండితో పాటు నాలుగడుగులు నడిచి, రొప్పుతూ, "శనివారం తోల్కొస్త," అంది.

నా చోటికి వచ్చి కింద పడ్డ పల్లికాయలు ఏరసాగాను. అంతలో టికెట్ కలెక్టర్ వచ్చాడు. నా టికెట్టు చూశాడు. ఖమ్మం. ఆమె టికెట్టు చూశాడు. అదీ ఖమ్మమే.

అతను పోయేదాకా ఆగి, "మీకెట్ల ఎరుక?" అన్నాను.

"మొన్న చింతపండు ముట్టకుంటనే పోతివి. ఇన్ని దినాలల్ల ఎన్నడన్న పోయినవా? ఖమ్మంల అక్క ఉన్నదని, పప్పుచారు మంచిగ జేస్తదని నువ్వే చెప్తివి."

"ఖమ్మం దాకా వస్తుంటిరా?"

"టికెట్ తీసుకున్న గద."

"వచ్చి ఏం జేస్తుంటిరి? కోర్టుల చెప్తుంటిరా?"

"నీ వకీలును. నీ మీద నేనెట్ల చెప్త?" అంది. సంచి మూతి ముడేసుకుంది. "ఏం జేస్తుంటినో నాకూ ఎరుకలేదయ్యా. మీ అక్క ఇంట్ల కూసొని పల్లికాయలు ఒలుస్తుంటి, నీకు బుద్ధొచ్చిందాక."

కేసముద్రంలో ఇద్దరం దిగి, తిరుగు బండి కోసం రెండు గంటలు ఒకే బల్ల మీద కూర్చున్నాం. నేను ఏడుస్తుంటే ఓదార్చలేదు. టీ తెప్పించి నా చేతికిచ్చి, తన టీ తాను తాగింది. అన్న ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

నా కాపురం మళ్ళీ అతుక్కోలేదు. అట్లాంటి ముగింపు రాసే అదృష్టం నాకు లేదు. కానీ ఏడెనిమిదేళ్ళు, వానొచ్చినా బండి ఆలస్యమైనా, శనివారం ఆమె ఇచ్చింది, సోమవారం నేను ఇచ్చాను. తర్వాత చిట్టి ఒక్కతే బండెక్కడం నేర్చింది. ఏటా ఎండాకాలం నేను లాయరమ్మ ఇంటికి వెళ్ళి గంప ముందు కూర్చునేవాణ్ణి. కేసు లేకపోయినా చేతులు కడుక్కోమనేది. చిట్టి వచ్చినా అంతే.

మొన్న ఆదివారం ఇద్దరం మా వరండాలో ఆ గంప ముందు పెట్టుకుని కూర్చున్నాం. చిట్టికిప్పుడు పద్దెనిమిది నిండాయి, హన్మకొండలో డిగ్రీ చదువుతోంది. కోర్టు కాగితానికి కాలం తీరిపోయింది. ఇంక నా దగ్గరికి రావాలని దాన్ని ఏ జడ్జీ ఆజ్ఞాపించడు. నాలుగు కాయలయ్యాక నేనే మొదలుపెట్టాను. అప్పుడు వాళ్ళమ్మను రానియ్యనిది నేనేనన్న మాట, ఖమ్మం టికెట్టు సంగతి, అన్న ఉపాయం, లాయరమ్మ సంచి, అన్నీ చెప్పాను. పన్నెండేళ్ళుగా మిగిలిపోయిన సగం అది. చిట్టి ఈనెలు లాగుతూ విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"లాయరమ్మ ఆ బండి ఎక్కకపోతె నన్ను దించేటోనివా బాపూ?"

నా చెయ్యి ఆగింది. చిట్టి నా ముఖం వైపు చూడటం లేదు, నా వేళ్ళ వైపు చూస్తోంది. దించేవాణ్ణని చెప్పడానికి నోరు సిద్ధంగానే ఉంది. చెబితే నమ్మడానికి అదీ సిద్ధంగా ఉందేమో. గంపలోంచి ఇంకో కాయ తీశాను. పెంకు విరిచాను, ఈనె లాగాను, చీల్చి గింజ తీశాను.

"దించేటోన్ని కాదు బిడ్డా," అన్నాను.

చిట్టి ఇంకో కాయ తీసుకుంది. గింజలు చాటలో పడుతూనే ఉన్నాయి. ఎండ వాలింది. చిట్టి లేచి, చేతులు కడుక్కుని, సంచి భుజాన వేసుకుని మెట్టు దగ్గర ఆగింది. గంప వైపు చూసింది.

"ఇంక సగమున్నది. నువ్వొక్కనివే తియ్యకు బాపూ, ఉండనియ్యి," అంది. "శనివారం వస్త."